గొయ్యి లేని గని

జూన్ 11

మా కరపత్రం బాబుకి,

ఇక్కడ అందరం బాగున్నాం, చెవులు తప్ప. ఫోన్ చేస్తే నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను అరిచేది వీధంతా వింటుంది. పోయినవారం మీ బాబాయి కడుపు సంగతి నీకు చెప్పానా, మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ ఆవిడ మందు పొట్లం కట్టి తెచ్చింది. అప్పట్నుంచి ఆవిడ ఎదురైతే ఆయన సందు మారుస్తున్నారు. అందుకని ఇకమీదట ఉత్తరాలే.

మన బైండింగు గది గోడకి ఆనుకుని మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది కదా. దాన్ని వేసవిలో ఎవరో తీసుకున్నారు. లారీల్లో ఇనప అరలు దిగాయి. అరల నిండా పెట్టెలు, ఒక్కోటి లావుపాటి నిఘంటువంత. ప్రతి పెట్టెకీ ముందో ఫ్యాను, వెనకో ఫ్యాను. పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. తుమ్మెద చెవిలో దూరి అక్కడే కాపురం పెట్టినట్టుంటుంది. కటింగు మిషను కత్తి దిగిన చప్పుడు నాకు వినపడటం మానేసింది. చెయ్యి తీసి, వేళ్ళు చూసుకుని, అప్పుడు తర్వాతి కట్ట పెడుతున్నాను.

షెడ్డుకో మేనేజరున్నాడు. పళ్ళడాక్టరు బోర్డు మీద బొమ్మలాగ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు.

"ఏం తయారుచేస్తారు బాబూ ఇందులో?" అన్నాను.

"డబ్బు ఆంటీ."

"డబ్బు మా ఆయన బ్యాంకులో ఉంటుంది కదా. ఇదేం డబ్బు?"

"కంటికి కనపడని డబ్బు."

"పెళ్ళైన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఉన్నది అదే," అన్నారు మీ బాబాయి.

నవ్వులు సరే, అసలు సంగతి విను. వాళ్ళు పెట్టెలు రెట్టింపు చేస్తారట. కొత్త ఫ్యాన్లు మన గోడవైపు తిప్పుతారట. దానికి వీధిలో ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటున్నామని పురపాలక ఆఫీసులో సంతకాలు పెట్టాలి. వచ్చే నెలాఖరు దాకా గడువుంది. ఎక్కువమంది కాదంటే ఆగిపోతుంది. రెట్టింపైతే మేమిక్కడ ఉండలేం. ముందుగది పని, వెనకగది కాపురం. రెండూ ఒకే గోడని నమ్ముకుని ఉన్నాయి.

ఊళ్ళో ఎవడు ఎక్కడ ఏ కాగితం పంచినా మడిచి జేబులో పెట్టుకుని కంఠతా పట్టేవాడివి. ఇదేమిటో, ఎందుకు వద్దో, వీధికి అర్థమయ్యేలా ఒక కాగితం రాసి పంపు. తిట్లు తగ్గించు.

నీ పిన్ని

&nbsp;

జూన్ 17

పిన్నికి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక కోప్పడ్డాను. అది నాకు అలవాటైన పని.

ఆ నవ్వులాయన నీకు చెప్పనిది నేను చెబుతాను. ప్రపంచమంతా ఇలాంటి షెడ్లు కలిసి ఒక దేశం వాడుకునేంత కరెంటు తాగుతున్నాయి. ఆ దేశంలో ఆసుపత్రులు ఉంటాయి, బళ్ళు ఉంటాయి, రొట్టెలు కాలుతుంటాయి, పిల్లలు దీపం కింద చదువుకుంటుంటారు. ఇక్కడ ఏముంది? ఫ్యాన్లున్నాయి. ఎక్కడో బొగ్గు మండాలి, ఎక్కడో నది ఆగాలి, ఎందుకంటే ఎవడో ఒకడు పొద్దున్న లేచి తన ఫోన్‌లో ఒక అంకె పెరిగిందని పళ్ళు తోముకోకుండా సంబరపడాలి. అసహ్యం పిన్నీ. దొంగతనంలో కూడా కాస్త శ్రమ, కాస్త భయం ఉంటాయి. దీనికి అవి కూడా లేవు.

అలాగని బాబాయి గారి నోట్లని నెత్తిన పెట్టుకోమనను. కాగితం కోసం అడవులు నరుకుతారు, సిరా కలుపుతారు, తుపాకీ మనిషిని ముందు కూర్చోబెట్టుకుని వ్యాన్లలో ఊరేగిస్తారు, బ్రాంచీలన్నీ చలికి వణికేలా ఏసీలు పెడతారు. చివరికి మాసిపోతే మళ్ళీ బాబాయే బ్యాంకులో కూర్చుని తురమాలి. రెండూ రెండే. కాకపోతే ఆ డబ్బుతో ఊరు ఊరంతా కూరగాయలు కొనుక్కుంటుంది. ఈ డబ్బుతో ఒక్కడైనా కొత్తిమీర కట్ట కొన్నాడేమో అడుగు.

కరపత్రం దీంతోపాటు పంపుతున్నాను. నేను పనిచేసే జెరాక్స్ షాపులోనే తీశాను, ఓనరు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు. దీనికి వాళ్ళు వాడే పరాయి మాట నాకు నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. శుభ్రంగా మన మాట వేశాను: తవ్వకం. మొదటి పేరా చదివితే నీకే ఒళ్ళు మండుతుంది:

"మీ గోడ పక్కన నాణేలు తవ్వుతున్నారు. మీరు నిద్రపోతుంటే తవ్వుతున్నారు. తవ్వేకొద్దీ ఇంకా తవ్వాల్సి వస్తుంది, ఎందుకంటే ఈ గనికి అడుగు లేదు. మీ కాళ్ళ కింద నేల ఖాళీ అవుతోంది. లేవండి."

యంత్రాల వివరాలు రాయలేదు. వీధికి వివరాలు అక్కర్లేదు. వీధికి కావలసింది మంట.

ఆవేశంతో,
నీ అక్క కొడుకు

&nbsp;

జూన్ 25

కరపత్రానికి,

నీ కాగితం చేరింది. వీధంతా చదివింది. ఇన్నాళ్ళకి నీ రాతలో ఒక్క ముక్క అర్థమైందిరా. జిగురు గిన్నె పెట్టే బల్ల వెనక గోడలో సన్నగా బీట వచ్చింది. వానలకి నెమ్మెక్కిందనుకున్నాను. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

కాగితం వచ్చిన రోజే మీ బాబాయి చాప తీసేసి నేలకి చెవి ఆనించి పడుకున్నారు. "వినపడుతోందే, కింద గుయ్యిమంటోంది," అన్నారు. నేనూ ఆనించాను. నిజమే. ట్యూషన్ మాస్టారొచ్చి ఆయనా ఆనించారు. గది నిండా పెద్దమనుషులం బోర్లా పడుకుని ఉంటే పుస్తకాలకి వచ్చిన పిల్లది ఎవరో పోయారనుకుని ఏడుపు మొదలుపెట్టింది.

ఇస్త్రీ ఆవిడ మండిపడుతోంది. "అందుకేనమ్మా నా బల్ల ఒక కాలు దిగిపోయింది," అంటుంది. సైకిల్ షాపాయన తన కొట్టు ముందు గుంత కూడా వాళ్ళ ఖాతాలోనే వేశాడు. అది నీ చిన్నప్పట్నుంచీ ఉన్న గుంతే అనుకో. సంతకం పెట్టేది లేదని అందరూ అంటున్నారు. జూలై మొదటి ఆదివారం వీధి మొత్తం కలిసి షెడ్డుకి వెళ్తున్నాం. నేనే ముందు.

ఒక్కటే అడుగుతాను, వెంటనే రాయి. ఎంత లోతు వెళ్ళారంటావు? కాగితంలో అది లేదు. అడిగితే చెప్పలేక తెల్లమొహం వేస్తే బాగుండదు.

మీ బాబాయికి నీ మీద కోపంగా ఉంది. ఉద్యోగమంతా ఆయన చిరిగిన నోట్లు తురిమే గదిలోనే గడిచింది. ఉన్నదున్నట్టు రాయమన్నారు: "నోటు చెట్టుతో చెయ్యరు, పత్తితో చేస్తారని వాడికి చెప్పు. తురిమినదాన్ని ఇటుకలుగా నొక్కితే బాయిలర్లకి పట్టుకుపోతారని చెప్పు. అన్నిటికంటే ముఖ్యం, జేబులో పడుకున్న నోటు కరెంటు తినదు." కాసేపాగి మళ్ళీ వచ్చి, "వాడికి జేబులో నోటుంటే కదా తెలియడానికి," అని కూడా రాయమన్నారు.

పిన్ని

&nbsp;

జూన్ 29

పిన్నికి,

లోతు. నువ్వడిగిన ప్రశ్నకి నీకు దణ్ణం పెట్టాలి. ఇక్కడ చదువుకున్నవాళ్ళం అని తిరిగే నా మిత్రబృందంలో ఒక్కడికీ తట్టలేదు ఈ ప్రశ్న. కాఫీ హోటల్లో నీ ఉత్తరంలోంచి ఆ వాక్యం చదివి వినిపించాను. నిన్ను ఆకాశానికెత్తాను.

లోతుకి అంతులేదు పిన్నీ. అదే రాసుకో, అదే అడుగు. నిన్నటికంటే ఇవాళ లోతు, ఇవాళ్టికంటే రేపు లోతు. పోటీకి వచ్చేవాళ్ళు పెరిగేకొద్దీ పని ఇంకా కష్టమయ్యేలా దాన్ని కావాలనే అలా కట్టారు. ఎంత తోడినా తరగని గొయ్యిలో ఊళ్ళకి ఊళ్ళ వెలుగు పడిపోతోంది. ఆ మేనేజరు మొహం మీదే చెప్పు ఈ మాట. నవ్వు ఎక్కడ దాచుకుంటాడో చూద్దాం.

బీట, గుంత, బల్లకాలు గురించి రాశావు. చాలా బాగుంది. నిజానికి వాటికీ దీనికీ పోలిక చూడగలగడం అందరివల్లా కాదు. మన వీధి మీద నాకున్న చిన్నచూపు కొంచెం తగ్గింది.

బాబాయికి చెప్పు, పత్తి సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటాను. పత్తిచేనుకి నీళ్ళూ మందులూ ఎంత పడతాయో ఆయనకి తెలుసా అని అడుగు. జేబులో నోటు మాట మాత్రం బ్రహ్మాండంగా ఉంది, నా తర్వాతి కరపత్రంలో వాడుకుంటాను. ఆయన చెప్పారని వెయ్యను. బ్యాంకు ఉద్యోగి మాటంటే మా వాళ్ళు నమ్మరు.

ఆదివారం నేను రాలేను, షాపులో సెలవివ్వడు. కానీ నీ వెనకే ఉన్నట్టు అనుకో.

నీ అక్క కొడుకు

&nbsp;

జూలై 7

నాయనా,

నా వెనక నువ్వు లేకపోవడమే మంచిదైంది. ఉంటే తోసేసేదాన్ని.

ఆదివారం పొద్దున వెళ్ళాం. వీధిలో కదలగలిగినవాళ్ళంతా వచ్చారు. నేను బ్యాటరీ లైటు పట్టుకున్నాను. మీ బాబాయి నూతిలో బకెట్టు పడితే తీసే తాడు చుట్టి భుజాన వేసుకున్నారు, చివర రాయి కట్టి. లోతు కొలవడానికి. అర్థమైందా? నువ్వు అంతులేదన్నావని ఇస్త్రీ ఆవిడ దగ్గర ఇంకో తాడు తీసుకుని ముడేశారు.

మేనేజరు గుమ్మంలోకొచ్చాడు. "గొయ్యి చూపించు," అన్నాను.

"ఏ గొయ్యి ఆంటీ?"

"తెలియనట్టు మాట్లాడకు. నువ్వు నాణేలు తవ్వుతున్న గొయ్యి."

ఒక్క క్షణం నవ్వు ఆపాడు. నేను గెలిచాననుకున్నాను. తర్వాత అతను తలుపులన్నీ బార్లా తెరిచి, "అందరూ రండి, ఎక్కడ కావాలంటే అక్కడ చూడండి," అన్నాడు. వెళ్ళాం. ఐసు ఫ్యాక్టరీవాళ్ళు పోసిన సిమెంటు నేల అలాగే ఉంది. చీపురుతో ఊడ్చి తడిగుడ్డ పెట్టినట్టుంది. అరలు, పెట్టెలు, వైర్లు. మీ బాబాయి తాడు భుజాన వేసుకుని ప్రతి అర కిందా వంగి చూశారు. గొయ్యి కాదు కదా, చీమ దూరే కన్నం లేదు.

అప్పుడతను నీ కరపత్రం జేబులోంచి తీశాడు. ఎవరిచ్చారో. బల్లెక్కి బడిపిల్లవాడిలా నిలబడి గట్టిగా చదివాడు. "ఈ గనికి అడుగు లేదు" అనగానే నేల మీద కాలితో తట్టి, "ఇదుగోనండీ అడుగు," అన్నాడు. ఫ్యాన్ల మోతలో కూడా నవ్వులు వినపడ్డాయిరా. అందరూ నవ్వారు. మనవాళ్ళే.

"మాటవరసకి మైనింగ్, అంటే తవ్వకం అంటామండీ, లెక్కలు చేసే కంప్యూటర్లివి. అంతే," అన్నాడు. "బ్యాంకులు కూడా కంప్యూటర్లు వాడవా, కరెంటు తినవా?" అన్నాడు. మాస్టారు తలూపారు. తర్వాత అందరికీ చల్లటి సీసాలిచ్చాడు. వెనకవైపు తీసుకెళ్ళాడు. అక్కడ గొట్టాల్లోంచి వేడిగాలి కొడుతోంది. ఇస్త్రీ ఆవిడ గాలికి చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. ఈ ముసురులో ఆవిడకి బట్టలారక ఎన్నాళ్ళైంది. "ఇక్కడ దండెం కట్టుకోండి, ఊరికే," అన్నాడు. ఆ సాయంత్రానికే కట్టేసింది.

ఇప్పుడు నన్ను వీధిలో గొయ్యి పిన్ని అంటున్నారు. నేను వస్తుంటే సైకిల్ షాపాయన, "చూసి నడవండమ్మా, పడతారు," అంటాడు. నాకు చదువు లేదా? లోకంలో ఉన్న పుస్తకాలన్నీ నా చేతుల మీదుగా పోతాయి. తవ్వకం అని రాస్తే తవ్వకం అనే చదువుతాను. నీకు ముందే తెలుసా గొయ్యి లేదని? ఒక్క మాటలో జవాబు రాయి.

పిన్ని

&nbsp;

జూలై 12

పిన్నికి,

తెలుసు.

ఒక్క మాట అడిగావు, ఇచ్చాను. ఇక మిగతా మాటలు నావి. తాడు పట్టుకెళ్ళారా? రాయి కట్టి? పిన్నీ, నువ్వు లోతు అంటే భావం అనుకున్నాను. కాఫీ హోటల్లో నిన్ను పొగిడిన నోటితో ఇప్పుడేం చెప్పను? కంప్యూటరు పెట్టెలతో నేల తవ్వుతారని ఒక వీధికి వీధి ఎలా నమ్మింది? సరే, నేనే రాశాను. ఆ పరాయి మాటకి అర్థం అదే. నాకు చెవికి బాగుందని వేశాను. బాగుండకూడదా ఏమిటి.

ఇప్పుడు విను, ముందే చెప్పాల్సినదని నువ్వంటావు, అందుకే ముందుగా ఆ మాట నేనే అనేస్తున్నాను.

ఒక తాళం ఉందనుకో. అంకెల తాళం. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. ప్రపంచంలో ఉన్న షెడ్లన్నీ ఒకేసారి ఏవో అంకెలు వేసి చూస్తుంటాయి. తెలివి అక్కర్లేదు, గుడ్డిగా వెయ్యడమే. ఒక్కడికి తగులుతుంది. వాడికి కొత్త నాణెం. మిగిలినవాళ్ళందరూ వేసిన అంకెలన్నీ చెత్త, అవి వెయ్యడానికి కాల్చిన కరెంటంతా చెత్త. వెంటనే ఇంకో తాళం వస్తుంది. పెట్టెలు పెరిగితే తాళాన్ని ఇంకా గట్టిది చేస్తారు, కాబట్టి ఎన్ని పెట్టెలు పెట్టినా నాణేలు పెరగవు, మంట ఒక్కటే పెరుగుతుంది. మన గోడ పక్కన షెడ్డు రెట్టింపైతే లోకానికి ఒక్క నాణెం కూడా అదనంగా రాదు. నీ చెవులు మాత్రం అదనంగా పోతాయి.

బ్యాంకు కూడా కరెంటు తింటుందని అన్నాడా? తింటుంది. లెక్క రాయడానికి తింటుంది. రాసేశాక ఊరుకుంటుంది. వీళ్ళు పెన్నుతో ఒక గీత గీయడానికి ఊరిలో పెన్నులన్నీ విరగ్గొట్టే రకం. ఇలాంటి నాణేల్లోనే కొన్ని ఈ గుడ్డిపోటీని మానేసి చాలా తక్కువ కరెంటుతో నడుస్తున్నాయి. మీరెందుకు మానరని అడుగు. ఆ పెట్టెలు ఇంక దేనికీ పనికిరావు, అదీ సంగతి. కొత్తరకం వస్తే పాతవి వట్టి తుక్కు.

నీ వీధి మీద నాకిక దయ లేదు. ఒక చల్లటి సీసా, ఒక దండెం. వాళ్ళ వెల అంతే. వాళ్ళకి తగిన కరపత్రం కొత్తది రాశాను. "వేడిగాలికి అమ్ముడుపోయిన వీధి" అని పెద్దక్షరాలతో. పార్సెల్లో కట్ట పంపుతున్నాను. గుమ్మం గుమ్మానికీ పంచు. సిగ్గుంటే చదువుతారు.

నీ అక్క కొడుకు

&nbsp;

జూలై 21

నాయనా,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. పార్సెల్ గురువారం వచ్చింది. మధ్యలో ఉన్న ఆ ఒక్కరోజు గురించి రాస్తాను.

తాళం సంగతి చదివాను. రెండుసార్లు చదివాను. రాయడం వచ్చురా నీకు. ఇన్నాళ్ళూ ఎందుకు దాచుకున్నావో తెలియదు. మీ బాబాయికి వినిపించాను. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయి, "మిగిలినవాళ్ళదంతా వృథానా? అంతానా?" అన్నారు. సాయంత్రం మాస్టారిని పిలిచి వినిపించాను. తిట్లున్నచోట గొంతు సవరించుకుని దాటేశాను. ఆయన పలక తీసి ఏదో లెక్క వేసుకుని, "పెట్టెలు పెంచితే ఎవరికీ ఏమీ పెరగదన్నమాట. ఈ ముక్క మొదటే రాసి ఉంటే ఆదివారం నేను తలూపేవాణ్ణి కాదు," అన్నారు. సైకిల్ షాపాయన గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆ రాత్రి నన్ను గొయ్యి పిన్ని అనలేదు, అమ్మా అన్నాడు.

మర్నాడు మాస్టారు దాన్ని అందమైన దస్తూరీతో తిరగరాస్తానన్నారు. తిట్లు తీసేసి. నాకు ఆశ పుట్టింది. ఇస్త్రీ ఆవిడకి నేనే చెప్పాలని ఇంటికి పిలిచాను. దండెం గురించి ఏమీ అనకుండా తాళం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వింటోంది. "అయితే నా బట్టలారడానికి అంత మంట అక్కర్లేదు కదమ్మా," అంది. సరిగ్గా అప్పుడు నీ పార్సెల్ వచ్చింది.

బరువుగా ఉందని ఆవిడే ఒక చెయ్యి వేసింది. వానకి తడిసిన కట్ట, తాడు తెగి నేల మీద పరుచుకుంది. పెద్దక్షరాలు కదా. ఆవిడ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. వేడి. గాలికి. అమ్ముడు. అక్కడిదాకా చదివి ఆగింది. ఒక కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని, "మీ అబ్బాయికి మా వెల తెలిసిందన్నమాట," అని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆఫీసులో అందరికంటే ముందు ఆవిడ సంతకం. తర్వాత సైకిల్ షాపాయన. మాస్టారు నాకు మొహం చూపించలేక పక్కవీధి నుంచి తిరిగి వెళ్ళి పెట్టారు. షెడ్డంటే ఇష్టమై ఒక్కరూ పెట్టలేదు. నీమీద కోపంతో పెట్టారు. నేనూ మీ బాబాయీ పెట్టలేదు. ఇద్దరం సరిపోం.

మిగిలిన నీ కాగితాలు కత్తి కింద పెట్టి బద్దలుగా కోశాను. పుస్తకాల వెన్నులో లోపలి పొరకి అంటిస్తున్నాను. కాగితం మంచిది.

మేనేజరు వచ్చాడు. మా ఇల్లు అద్దెకి తీసుకుంటాడట, మా గోడలోంచే గొట్టాలు పెడతాడట. మీ బాబాయి బ్యాంకు క్వార్టర్స్‌కి అడిగారు. దొరికేలా ఉంది.

పిన్ని

&nbsp;

జూలై 27

పిన్నికి,

వెళ్ళకు. ఖాళీ చెయ్యడమంటే లొంగిపోవడం. చరిత్రలో ఒక్క గోడ దగ్గర ఒక్క మనిషి నిలబడితే ఎన్ని ఆగాయో నీకు తెలియదు. మీరిద్దరూ సరిపోరని ఎవరన్నారు? నేను కూడా వస్తే ముగ్గురం.

ఆ ఇస్త్రీ ఆవిడ మనసు అద్దంలాంటిదైనా ఒక కాగితానికే పగిలిపోతుందా? నిజం రాస్తే కోపమొచ్చింది. కోపమొస్తే అబద్ధానికి సంతకం పెట్టింది. ఇలాంటివాళ్ళ కోసమా నేను ఇన్ని రాత్రులు రాసింది? నా తప్పు ఏమైనా ఉంటే అది పార్సెల్ తాడు సరిగ్గా కట్టకపోవడం.

కటింగు మిషను అమ్మకు. అదొక్కటీ అమ్మకు.

నీ అక్క కొడుకు

&nbsp;

ఆగస్టు 9

నాయనా,

నీ ఉత్తరం ఇల్లు ఖాళీ చేస్తుంటే వచ్చింది. ఒక చేత్తో అది, ఒక చేత్తో జిగురు గిన్నె. ఏది కింద పెట్టానో ఊహించుకో.

తప్పు తాడుది అన్నావు కదా. సరే. తాడుకి శిక్ష వేశాం. దాంతోనే సామాన్లు కట్టాం.

ఇక్కడ రెండో అంతస్తు. మిషను మెట్లెక్కదు. కింద వాచ్‌మన్ గది పక్కన రేకుల కింద పెట్టాను. పని కొంచెం కొంచెం వస్తోంది. చుట్టుపక్కల అందరూ బ్యాంకు మనుషులే, నెమ్మదిగా నడుస్తారు, నెమ్మదిగా దగ్గుతారు. మీ బాబాయి మాత్రం రాత్రి లేచి కూర్చుంటున్నారు. ఎందుకంటే మోత లేదట. చెవులు వాటంతటవే మోత చేసుకుంటున్నాయట. కావాలంటే దీని మీద ఒక కరపత్రం రాసుకో.

మేం వచ్చేసిన వారానికే గోడకి కన్నాలు కొట్టారని తెలిసింది.

పిన్ని

&nbsp;

అక్టోబరు 20

పిన్నికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి మొహం లేక కాదు, సరైన మాట దొరక్క. ఇవాళ ఎవరినీ అడగకుండా మన వీధికి వెళ్ళాను. నీ ఇంట్లో, ముందుగదిలో, నేల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. తాళం కూడా వెయ్యలేదు వెధవలు.

షెడ్డు ఖాళీ. ఆ నాణెం ధర పడిపోయిందట, ఇక్కడ కరెంటు రేటు పెరిగిందట. ఇంకెక్కడో ఒక నది పక్కన చవగ్గా దొరుకుతోందని పనికొచ్చే పెట్టెలు లారీలెక్కించుకుని పోయారు. నవ్వులాయన కూడా పోయాడు. జీతాలు ఇవ్వకుండా పోయాడని కాపలా మనిషి నాకు చెప్పాడు, నేను వాళ్ళ తాలూకు అనుకుని. పాతబడ్డ పెట్టెలు మాత్రం నీ వెనకగదిలో పైకప్పు దాకా పోగేశారు. మీరు పడుకునే చోట. తుక్కువాణ్ణి పిలిచి చూపించారట. లోపలున్నది దేనికీ పనికిరాదు, పై రేకు ఒక్కటే తీసుకుంటానన్నాడట. గోడలో గుండ్రటి కన్నాలున్నాయి. వాటిలోంచి వాన లోపలికి కొడుతోంది.

ఇంత దారుణాన్ని నేనే ముందు చెప్పానని అరవాలనుకుని వచ్చాను. వీధిలో వినేవాళ్ళు లేరు. ఇస్త్రీ ఆవిడ తడిబట్టల మూట పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నన్ను చూసి లేచి లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు, వెళ్ళిందంతే. మాస్టారు మీ గురించి అడిగారు. సైకిల్ షాపాయన కుర్చీ వేశాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అది నాకు ఎంత కష్టమో నీకు తెలుసు.

ఒక్క మాట చెప్పనా? చాలా నిశ్శబ్దంగా ఉంది పిన్నీ. ఎవరింట్లోనో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడుతోంది. కన్నాలు మూయడానికి మేస్త్రీతో మాట్లాడాను. తుక్కు నేను మోస్తాను, మా షాపు మిత్రులు వస్తారు. ఇల్లు వెనక్కి తీసుకోవచ్చట, ఒప్పందం వాళ్ళే తప్పారు. బాబాయితో చెప్పు. వచ్చేయండి.

నీ అక్క కొడుకు

&nbsp;

అక్టోబరు 28

నాయనా,

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. నిశ్శబ్దంగా ఉంది అన్నచోట ఆయన ఇంకోసారి చదవమన్నారు. చదివాను. తర్వాత ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఇద్దరం ఒకటే అనుకున్నాం.

మేం రాం.

నీకు కోపమొస్తుంది, రానీ. మోత పోయింది కాబట్టి వచ్చేయమన్నావు. మోతకి భయపడి వెళ్ళలేదురా మేము. మోతని వేసవి నుంచీ భరించాం. ఇంకో ఏడు కూడా పళ్ళు బిగబట్టి భరించేవాళ్ళమేమో. నా వేళ్ళు నేను చూసుకునేదాన్ని. ఆ శుక్రవారం ఆఫీసు మెట్ల మీద వరసగా నిలబడ్డవాళ్ళు పెట్టెలు కాదు. వాళ్ళ పిల్లల పుస్తకాలకి అట్టలు వేసిన చెయ్యి ఇది. నీమీద కోపం నామీద తీర్చుకోవడానికి వాళ్ళకి రెండు రోజులు పట్టలేదు. ఒక కాగితం ముక్క చదివి నన్ను గోడ అవతలకి తోసేశారు. యంత్రాలు సంతకాలు పెట్టలేదు నాయనా.

నువ్వు వాళ్ళని అమ్ముడుపోయారన్నావు. అది తప్పు. ఎవరూ ఏమీ ఇచ్చి కొనలేదు వాళ్ళని. ఊరికే నన్ను వదిలేసి పోయారు. దానికి నీ దగ్గర మాటలేమైనా ఉన్నాయేమో వెతుక్కో, నా దగ్గర లేవు.

కన్నాలు మూయించు. తుక్కు తీయించు. మంచి పనే. ఆ ఇంట్లోకి ఎవరైనా చెవులున్నవాళ్ళు వస్తారు. ఇస్త్రీ ఆవిడకి మన పెరటి దండెం తీగ విప్పి ఇవ్వు, ఆవిడ పెరట్లో పందిరి కింద కట్టుకోమను. నేనిచ్చానని చెప్పకు. నువ్విచ్చానని కూడా చెప్పకు, తీసుకోదు. అక్కడ పెట్టి వచ్చెయ్.

ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం మీ బాబాయికి సెలవు. భోజనానికి రా. వచ్చేటప్పుడు ఏమీ తేవద్దు, చేతులూపుకుంటూ రా. ముఖ్యంగా కాగితాలు.

పిన్ని